తోకలేని నెమలి

హైదరాబాద్
14 జూన్ 2025

భాభీకి సలాములు.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని కంగారు పడకండి. మనిద్దరం ఫోన్లో మొదలుపెడితే భయ్యా స్పీకర్ ఆన్ చేసి మధ్యలో దూరతాడు, మీరు "కూర మాడుతోంది" అని లేచిపోతారు, నేను చెప్పాలనుకున్నది నా దగ్గరే మిగిలిపోతుంది. రాస్తే ఆ బాధ లేదు. డ్యూటీ దిగాక, కాళ్లు చాపుకుని చదువుకోండి.

సంగతేమిటంటే, మన పాఠం ఖమ్మం చేరింది. పోయిన సెప్టెంబరులో మీ దవాఖానాలో లాలి కాన్పును అన్ని వైపులా చూసే కెమెరాతో రికార్డు చేశాం కదా, దాన్ని మొన్న ఖమ్మంలో ఒక నర్సింగ్ కాలేజీలో చూపించాం. హెడ్‌సెట్ కళ్లకు కట్టుకోగానే పిల్లలు ఒక్కొక్కరూ మీ కాన్పుల గది నడుమ నిలబడ్డారు. తల ఎటు తిప్పితే అటు గది. బిడ్డ పుట్టి ఏడవకపోవడం, మీరు వాణ్ణి మూలనున్న వెచ్చటి వార్మరు బల్ల మీదికి తీసుకెళ్లి మాస్కు పెట్టి ఊపిరి పోయడం, ఆ తర్వాత ఆ ఏడుపు! హెడ్‌సెట్ తీసిన ఆడపిల్లల కళ్లు తడిసి ఉన్నాయి. పుస్తకంలో ఎంత బట్టీపట్టినా రానిది వాళ్లకు నాలుగు నిమిషాల్లో వచ్చిందని ప్రిన్సిపాల్ గారు అన్నారు.

ఒక్క అబ్బాయి మాత్రం మధ్యలోనే హెడ్‌సెట్ లాగేసి, బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. అది మామూలే. కళ్ల ముందు లోకం కదులుతూ కాళ్లు కదలకపోతే కొందరికి తల తిప్పుతుంది. బక్రీదుకి భయ్యా ఇదే పెట్టుకుని మీ హాల్లో ఫ్రిజ్‌ను కౌగిలించుకున్నాడు కదా, ఆయనకూ అన్నాల వేళ దాకా తిప్పింది. ఆ అబ్బాయిని 'అసౌకర్యం' కింద నమోదు చేసుకున్నాం.

ఇప్పుడు అసలు పని. యూనివర్సిటీ వాళ్లు ఇంకో రెండు కాన్పులు కావాలంటున్నారు. బీపీ ఉన్న కేసు దొరికితే మరీ మంచిదట. లాలి చెల్లెలు హేమ్లికి నెలలు దగ్గరపడుతున్నాయని, బీపీ కూడా ఉందని మీరే అన్నారు. అడిగి చూస్తారా? మొహాలు ఎలాగూ మసకచేస్తాం, పేర్లు ఉండవు.

ఇంకొకరి నొప్పి మధ్యలో నిలబడి నేర్చుకోవడం సరైనదేనా అని ఒక్కోసారి నాకే అనిపిస్తుంది. మళ్లీ ఆ బిడ్డ ఏడుపు వింటే ఆ అనుమానం పోతుంది. పూర్తిగా పోతుందని చెప్పను. మీరైతే ఇలాంటివి ఆలోచిస్తూ కూర్చోరు, అదృష్టవంతులు.

బక్రీదుకి మీరు పెట్టిచ్చిన కవాబుల డబ్బా నా దగ్గరే ఉండిపోయిందని గుర్తుంది.

మీ
ఆతియా


ముత్యాలగూడెం
20 జూన్ 2025

ఆతియాకి,

నీలాగా మెయిళ్లు కొట్టడం నాకు చేతకాదు. పాత కేస్ షీట్ల వెనక రాసి, ఫోటోలు తీసి పంపుతున్నా. వరస తప్పితే నువ్వే సర్దుకో.

ముందుగా, నీ 'అసౌకర్యం' అబ్బాయి గురించి. వాడికి తల తిరగలేదు. వాడి పేరు చిరంజీవి. ఊరు ఎర్రవాగు తండా. లాలి మొగుడు దేవ్లాకి సొంత తమ్ముడు.

చదివావా? ఇంకోసారి చదువు.

మొహం మసకచేశారు, సంతోషం. చేతులు? లాలి ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు నీకు గుర్తుందో లేదో. పెళ్లికి ముందు జాతరలో నెమలి బొమ్మ పొడిపించుకుంటుంటే కరెంటు పోయింది. మళ్లీ కరెంటు వచ్చేలోపే వాళ్ల ట్రాక్టరు కదిలింది. తోకలేని నెమలి. తండాలో పిల్లాజెల్లా ఆమెను ఆ మాటతోనే ఆటపట్టిస్తారు. అత్త పోయాక ఆ చెయ్యే వాడికి అన్నం పెట్టి ఇంటర్ దాకా చదివించింది. నీ డబ్బా కళ్లకు కట్టుకోగానే వాడు వదిన కాన్పు మంచం పక్కన నిలబడ్డాడు. కమ్మీ పట్టుకున్న ఆ చెయ్యి వాడి ముక్కు ముందే ఉంది. తల తిప్పితే మిగతాదంతా ఉంది. నువ్వే రాశావుగా, ఎటు తిప్పితే అటు గది అని.

వాడు కాలేజీ వదిలేసి ఇంటికొచ్చాడు. వదిన వడ్డిస్తే తినడు. ఆమె లోపలికొస్తే వీడు బయటికి పోతాడు. ఏం పోయేకాలం అని ఇంట్లో అందరూ తిట్టాక అన్నకు చెప్పాడు. సోమవారం ఓపీ కిటకిటలాడుతున్న టైములో దేవ్లా వచ్చి కౌంటరు మీద గుద్దాడు.

"సిస్టరమ్మా, నా పెండ్లాం కాన్పు ఖమ్మంల సిన్మా ఆడిస్తున్నరంట గదా! టికెట్ ఎంత? నాకు గూడ ఒకటియ్యి, చూస్త!"

"అది చదువు కోసం దేవ్లా" అన్నాను.

"చదువుకైతే మీ ఇంటోళ్లది పెట్టి చదివియ్యిన్రి. మా ఆడోళ్లే దొరికిన్రా?"

బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు, కట్టు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు, అందరూ నా మొహమే చూస్తున్నారు. 

లాలి కొడుక్కి తొమ్మిదో నెల టీకా పడాలి. రాలేదు. ఆశా కార్యకర్త వెళ్తే తలుపు తీయలేదు. హేమ్లిని అడగమన్నావు కదా, నాకా శ్రమ లేకుండా తనే కబురు పంపింది. దవాఖానాకు రాదట. తండాలోనే కంటుందట. తొలిచూలు, కాళ్ల వాపులు, ఎప్పుడు చూసినా ఎక్కువే ఉండే బీపీ. వాగు పొంగితే అంబులెన్సు అవతలి గట్టునే ఆగుతుంది. అందుకే ఏటా వాగు రాకముందే నెలలు నిండినవాళ్లను తెచ్చి మా వెనక గదిలో ఉంచుకుంటాం. ఈ ఏడు ఆ తండా నుంచి ఒక్క మనిషి కదలడం లేదు.

నేను ఆలోచించనని రాశావు. నిజమే. నువ్వు ఆలోచించి చేసిన పనులు సర్దడంతోనే నాకు పొద్దు గడిచిపోతోంది.

కవాబుల డబ్బా నీ దగ్గరే ఉంచుకో.

అనీసా


హైదరాబాద్
24 జూన్ 2025

భాభీకి,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. అయినా కొన్ని విషయాలు చెప్పుకోవాలి. లేకపోతే నేనేదో దొంగతనం చేసినట్టుంది మీరు రాసిన తీరు.

ఇది చాటుమాటు పని కాదు. ఎథిక్స్ కమిటీ ముందు కూర్చుని ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాకే మీ దవాఖానాకు వచ్చాను. లాలి సంతకం చేసిన అంగీకార పత్రం నా దగ్గరుంది. తెలుగులోనే ఉంది. 'విద్యా, పరిశోధనా అవసరాలకు' అని స్పష్టంగా ఉంది. ఆమెకు దాన్ని వివరించే పని తండా మాట తెలిసిన మీకు అప్పగించాం. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, కానీ ఆ రోజు మీరు ఏం చెప్పారు, ఎంత చెప్పారు అని అడగడం నా బాధ్యత. రేపు కమిటీ నన్ను అడుగుతుంది.

ఇన్ని కాలేజీలుండగా ఆమె మరిది ఆ కాలేజీలోనే, ఆ బ్యాచ్‌లోనే ఉంటాడని ఎవరనుకుంటారు?

చేయగలిగింది చేశాను. మా ల్యాబు పిల్లలు కూర్చుని ఆ ముంజేతిని కూడా మసకచేశారు. ఇకమీదట ఖమ్మం వైపు ఎక్కడా చూపించం. హైదరాబాదులో, వరంగల్లో మాత్రమే చూపిస్తాం. అక్కడ ఆమె ఎవరికీ తెలియదు. లాలికీ బిడ్డకీ బట్టలు కొని పార్సిల్ చేశాను, భయ్యా చేత తండాకు పంపించండి. నా తరఫున ఒక మాట చెప్పమనండి.

హేమ్లి సంగతి మాత్రం నాకు అర్థం కావడం లేదు. ఆమెను ఎవరూ రికార్డు చేయలేదు, చేయబోవడం లేదు. అది చెప్తే సరిపోతుంది కదా? మీరు గట్టిగా చెప్తే వింటారు. మీ మాట కాదనే వాళ్లు ఆ చుట్టుపక్కల లేరని భయ్యా ఎప్పుడూ గొప్పలు పోతాడు.

కోపం తగ్గాక రాయండి.

ఆతియా


ముత్యాలగూడెం
29 జూన్ 2025

అసోసియేట్ ప్రొఫెసర్ ఆతియా మేడమ్ గారికి,

తమరు అడిగిన ప్రశ్నకు జవాబు. ఆ రోజు నేనేం చెప్పానంటే, "లాలీ, ఈ మేడమ్ మా ఆడబిడ్డ, మంచిది, ఇక్కడ సంతకం పెట్టు" అని చెప్పాను. అంతే. మిగతాది తమరు చెప్పారనుకున్నాను. తమరేమో నేను చెప్పాననుకున్నారు. తమరూ అక్కడే ఉన్నారు మరి, నీలం గౌను తొడుక్కుని గోడకానుకుని.

ఆమె ఎప్పుడు పెట్టింది సంతకం? నొప్పికీ నొప్పికీ నడుమ. నిన్న నేనే తండాకు పోయి తలుపు తట్టి కూర్చున్నాను. తిట్టినన్ని తిట్లు తిట్టాక లాలి నోరు విప్పింది. "సిస్టరమ్మా, గా టైంల నువ్వు ఇల్లు రాసియ్యుమన్నా రాసిద్దును. జల్దీ అయిపోతే సాలు అనుకున్న" అంది.

ఇంకోటి చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాకు మనసు బాగాలేదు. మా దవాఖానాలో కాన్పుల పెద్ద డాక్టరు లేరు. కేసు కష్టమైతే ఫోన్లో వీడియో పెట్టి భద్రాచలంలో ఉన్న డాక్టరమ్మకు చూపిస్తాం, ఆమె అక్కడి నుంచి చెప్తుంది, మేం చేస్తాం. ఇక్కడి ఆడవాళ్లందరికీ అది తెలుసు. తమరు సెలైన్ స్టాండుకు కట్టిన ఆ గుండ్రటి కెమెరా అదేననుకుంది లాలి. అందులోంచి పెద్ద డాక్టరమ్మ తనను చూస్తోందనుకుంది. అందుకే సరేనంది. అందుకే ధైర్యంగా ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఆ సంతకం తమరి పరిశోధనకు పెట్టిందా, డాక్టరమ్మకు పెట్టిందా?

చెయ్యి కూడా మసకచేశారట. గొంతు? "యాడీ, యాడీ" అని తల్లిని పిలుస్తూ అరిచిన ఆ గొంతు? వరంగల్లో ఆమె ఎవరికీ తెలియదట. అక్కడ ఆస్పత్రుల్లో ఆయాలు, కాలేజీల్లో పిల్లలు, ఎంతమంది మా తండాల వాళ్లున్నారో తమరికి తెలుసా? తెలియనివాళ్లు చూస్తే చూసినట్టు కాదా?

బట్టల పార్సిల్ తీసుకుని మీ అన్న పోయాడు. దేవ్లా దాన్ని విప్పనైనా విప్పలేదు. మళ్లీ బండి వెనక కట్టి, తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూసి మరీ పంపించాడు. మీ అన్న వచ్చి నా మీద అరిచాడు, మోటర్ వైండింగు షాపు మూసుకుని మీ ఆడవాళ్ల రాయబారాలు మోయాలా అని. పార్సిల్ మా బీరువా మీదుంది.

హేమ్లి ఎందుకు భయపడుతోందో అర్థం కావడం లేదన్నారు. అక్క కాన్పును కూడా తీస్తున్నామని ఎవరూ చెప్పి తీయలేదు కాబట్టి. ఇక్కడ రెండు రోజులుగా ముసురు. వాగులో నీళ్లు ఎర్రబడ్డాయి.

ఇట్లు,
స్టాఫ్ నర్సు


హైదరాబాద్
4 జూలై 2025

భాభీకి,

మీరు తప్పని రుజువు చేద్దామనే కూర్చున్నాను. ముందు ఆ సంగతి ఒప్పుకోనివ్వండి.

అసలు రికార్డింగు, మసకచేయనిది, తీసి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. దాన్ని ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. ప్రతిసారీ మీ వైపే తిరిగి చూశాను. మీ చేతులు, మాస్కు, బిడ్డ ఛాతీ. పాఠం అక్కడుంది కాబట్టి. ఈసారి లాలి వైపు తిరిగాను. బిడ్డ ఏడవడం లేదు. అందరూ మూలకు పరుగెత్తారు. మంచం దగ్గర మనిషి లేదు. ఆమె తల ఎత్తి, సూటిగా కెమెరాలోకి, అంటే నా కళ్లలోకి చూసింది.

"డాక్టరమ్మా, చూస్తున్నవా? ఏడుపు వినొస్తలేదు డాక్టరమ్మా. ఏమన్న చెప్పు."

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను భాభీ. డ్యూటీలో ఉన్నవాళ్లనెవరినో అడుగుతోందనుకున్నాను. పిల్లలకు చూపించిన పాఠంలోనూ ఆ మాట ఉంది. అంటే హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రతి ఒక్కరినీ ఆమె అడిగింది. చిరంజీవినీ అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేదు.

మర్నాడే మా ప్రాజెక్టు పెద్దాయన దగ్గరికి వెళ్లి పాఠం వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. "ఇది చూసిన నర్సు రేపు ఎక్కడో ఒక బిడ్డను బతికిస్తుంది. ఆ బిడ్డకేం చెప్తావ్?" అని అడిగాడు. ఆ ప్రశ్నను ఇప్పటికీ మోస్తున్నాను.  అయినా పాఠం తీసుకున్న కాలేజీలన్నిటికీ రాశాను, మీ దగ్గరున్న కాపీ చెరిపేసి, చెరిపేశామని రాతపూర్వకంగా పంపండి అని. అందరూ పంపారు, ఒక్క కాలేజీ తప్ప. వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

నేను వచ్చి లాలిని క్షమించమని అడగొచ్చా? వద్దంటే రాను. వస్తే ఆమెకు ఇంకో బరువు అవుతానేమో అని కూడా ఉంది. మీరు ఎలా చెప్తే అలా.

మీకు రాసిన ఆ 'అదృష్టవంతులు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆతియా


ముత్యాలగూడెం
10 జూలై 2025

ఆతియా,

నీ ఉత్తరం తీసుకుపోయి లాలికి చదివి వినిపించాను. కెమెరాను చూసి అడిగిన మాట దగ్గర చదవడం ఆపాను. ఆమె మాత్రం మామూలుగానే ఉంది.

"అవ్, అడిగిన. పలుకకపోతే పెద్దోళ్లకు యాడనో పనుందేమో అనుకున్న."

నేను కూడా ఆ గదిలోనే ఉన్నాను కదా. నాకా మాట వినిపించలేదు. నా చెవులు బిడ్డ మీదున్నాయి. సరే, అది వదిలెయ్.

నువ్వు వచ్చి క్షమాపణ అడుగుతానంటున్నావని చెప్పాను. ఆమె "వస్తే రమ్మను. వట్టిగ గాదు, గా డబ్బా పట్టుకరమ్మను" అంది.

"ఎందుకే?"

"అందరు చూసిన్రు. మా చిరంజీవి చూసిండు. తెల్వనోళ్లు చూసిన్రు. నాదే గదా సిస్టరమ్మా, నేనొక్కదాన్నే చూడలే."

వద్దు తల్లీ, మళ్లీ ఆ నొప్పంతా చూడడమెందుకు, నిద్ర పట్టదు అని చెప్పబోయాను. "చూడుమంటానికి మీరే, వద్దంటానికి మీరేనా?" అని నోరు మూయించింది. నీకిష్టమైన ఎథిక్స్ కమిటీలో ఆమెను కూర్చోబెట్టు, బాగుపడుతుంది.

కాబట్టి రా. నాకు వచ్చే వారమంతా డ్యూటీ, నేను రాలేను. మీ అన్న తీసుకుపోతాడు, గొణుక్కుంటూనే తీసుకుపోతాడు. ల్యాబు పిల్లల్ని తేకు. ఫోటోలు తీయకు. బట్టలు, మిఠాయిలు, ఇంకే పార్సిలూ తేకు. వాళ్లు ఏమన్నా అననీ, 'అసలు ఏం జరిగిందంటే' అని మొదలుపెట్టకు, నీకది అలవాటు.

హేమ్లి గోడకానుకుని పల్లికాయలు ఒలుస్తోంది. పాదాలు చూశాను, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. బతిమాలాను, భయపెట్టాను. "అక్కది తీసేస్తరు, సరే. నాది తీయరని నమ్మకమేంది? గోడల్ల కెమెరాలు పెడ్తరంట గదా ఇప్పుడు, గింతంత ఉంటయంట" అని చిటికెనవేలి గోరు చూపించింది. ఎవరో ఫోన్లో చూపించారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాగు ఇంకా దాటేలాగే ఉంది. త్వరగా రా.

అనీసా


హైదరాబాద్
19 జూలై 2025

భాభీకి,

ఏం జరిగిందో భయ్యా చెప్పే ఉంటాడు. ఆయన ముంగిట్లో దేవ్లాతో మోటర్ల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు, లోపలి సంగతి ఆయనకు తెలియదు.

లాలి హెడ్‌సెట్ పెట్టుకుంది. కొంగు చిక్కుకుంటే హేమ్లి సర్దింది. మొదలుపెట్టే ముందు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు, ఇదిగో ఈ బటన్ అని చెప్పి ఆమె వేలు దాని మీద పెట్టించాను. పోయిన సెప్టెంబరులో చెప్పాల్సిన మాట. ఆమె ఆపలేదు.

తనను తాను చూసుకుంటుందనుకున్నాను. చూడలేదు భాభీ. "మూల ఎటుంది?" అని అడిగింది. చెప్పాను. చాప మీద కూర్చున్న మనిషి అలాగే వెనక్కి తిరిగి, ఆ మూల వైపు మొహం పెట్టి, చివరిదాకా కదలలేదు. ఆ రోజు ఆమె మంచం మీద పడుకుని ఉంటే మూల వెనక ఉండిపోయింది. బిడ్డ ఏమయ్యాడో, మీరేం చేస్తున్నారో ఆమెకు కనిపించలేదు. ఇన్ని నెలలు ఆమె దగ్గర లేనిది అదొక్కటే. మీరు మాస్కు నొక్కుతుంటే ఆమె చేతి వేళ్లు కూడా కదిలాయి. తర్వాత, "ఏడ్చిండు" అంది. హెడ్‌సెట్ తీసింది. పక్కనే పాకుతున్న పిల్లవాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. "సిస్టరమ్మ గట్ల చేసిందా? నాకెన్నడు చెప్పలే" అంది.

నేను ఏమీ అడగకూడదనే వెళ్లాను. కానీ అడిగేశాను. ఇది చూసి నేర్చుకుంటే ఇంకో బిడ్డ బతకొచ్చు, ఏం చేయమంటావ్ అని. మీరు తిడతారని తెలుసు.

ఆమె ఒళ్లోని పిల్లవాణ్ణి చూసింది. "మా వాన్ని బతికిచ్చింది చూపియ్యుమంటే చూపియ్యొచ్చు. కని అండ్ల నేను గూడ ఉన్న గదా, గట్ల పడుకొని. నన్ను తీసేసి వాన్ని ఉంచొస్తదా?"

రాదన్నాను. అన్ని వైపులా ఒకటే గది.

"అయితే తీసెయ్."

ఎక్కడ నొక్కాలో చూపించాను, ఆమే నొక్కింది. అప్పుడు హేమ్లి అడిగింది. "మేడమ్, అన్నీ పోయినయా? ఇగ యాడ లేదా?"

అవునని ఉంటే అయిపోయేది. హేమ్లి ఆ రోజే మీ దగ్గరికి వచ్చేదేమో. కానీ నా నోట్లోంచి నిజం వచ్చింది. ఒక కాలేజీలో ఇంకా ఉంది, వాళ్లు జవాబివ్వడం లేదు అని చెప్పాను. బయటి నుంచి దేవ్లా విన్నాడు, లేచి అరిచాడు. భయ్యా నా చెయ్యి పట్టుకుని బండెక్కించాడు. దారిలో, "ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయింది?" అని ఇల్లందు దాకా తిట్టాడు. హేమ్లికి ఏదైనా అయితే ఆ నిజం నన్ను బతకనిస్తుందా? తెలియడం లేదు.

మంగళవారం ఆ కాలేజీకి నేనే వెళ్తున్నాను. చెరిపేదాకా అక్కడి నుంచి లేవను.

చిరంజీవి చేనుకు వెళ్లిపోయాడట, కనిపించలేదు. అతనితో మాట్లాడాల్సింది ఇంకా మిగిలే ఉంది.

ఆతియా


ముత్యాలగూడెం
2 ఆగస్టు 2025

ఆతియా,

హేమ్లికి ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. ముందు ఈ ముక్క చదివి ఊపిరి తీసుకో, తర్వాత నా తిప్పలు చదువు.

పోయిన శనివారం వాగు ఇంకా నడుముల్లోతులో ఉండగానే ట్రాక్టరు మీద వచ్చారు, హేమ్లి, లాలి, దేవ్లా. ట్రాక్టరు తోలింది చిరంజీవి. వదినతో మాటలు మొదలుకాలేదు కానీ, దిగేటప్పుడు లాలి చంకలో పిల్లవాణ్ణి అందుకున్నాడు. ఎలా వచ్చారే అని అడిగితే లాలి నన్ను విడ్డూరంగా చూసింది. "మీ ఆడబిడ్డ అన్నీ పోయినయి అంటే రాకపోతుంటిమి. ఒకటుంది అన్నది. గంత మొహం పెట్టుకొని ఒకటుంది అన్నది. ఇగ గామెకు అబద్ధం రాదని తెలిసింది." నువ్వు ఆ కాలేజీ మెట్ల మీద పొద్దంతా కూర్చుని చెరిపించిన సంగతి మీ అన్న అప్పటికే తండాకు ఫోన్ చేసి చెప్పాడట, కాస్త పెంచి చెప్పాడట, ఎండలో సొమ్మసిల్లావని కూడా కలిపాడట. మబ్బు పట్టి ఉంటే ఎండెక్కడిది?

అంతా అయిపోయిందనుకుంటే అసలు నాటకం కాన్పుల గదిలో మొదలైంది. హేమ్లి గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మూలలూ చూసింది. వరండాలో ఉన్న సీసీ కెమెరాకు గుడ్డ కట్టించింది. కంప్యూటరు మీద దుప్పటి. వార్మరు మీద వెలిగే అంకెల మీద గ్లౌజు తొడగమంది, నేను ఒప్పుకోలేదు, అది బిడ్డకు కావాలన్నాను, దాన్ని లాలి పరీక్షించి పాస్ చేసింది. మా అందరి ఫోన్లూ ఒక డబ్బాలో వేయాలట. నా డబ్బా నీ దగ్గరుంది కాబట్టి ఆశా టిఫిన్ డబ్బాలో వేశాం. చివరికి గోడ గడియారం. అది కన్నులా గుండ్రంగా ఉందట! కొత్త సిస్టరు బల్లెక్కి దానికి కూడా తలగడ గలేబు తొడిగింది. బీపీ చూస్తే నాకే ఎక్కువుంటుంది అప్పుడు.

నొప్పుల్లో బీపీ బాగా ఎక్కింది. భద్రాచలం డాక్టరమ్మకు ఫోన్ చేయాలి, ఒక్క ఫోను బయటికి తీస్తానని హేమ్లిని అడిగాను. అడిగాను, చూశావా? వీడియో వద్దు, మాట అయితే సరే అంది. డాక్టరమ్మ స్పీకరులోంచి చెప్తూ పోయింది, నేను చేస్తూ పోయాను. సూది మందు వేశాక తగ్గింది.

లాలి తలాపున నిలబడి కదల్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా హేమ్లి ఆ నెమలి ఉన్న చెయ్యే పట్టుకుని పిండింది. బిడ్డ బయటపడింది, బొడ్డు కోశాను, తీసుకుని మూలకు నడిచాను. మంచం మీది నుంచి హేమ్లి అడిగింది, "అక్కా, చూస్తున్నవా?"

"చూస్తున్న. కాళ్లాడిస్తుంది. సిస్టరమ్మ తుడుస్తుంది. ఇగో, నోరు తెరుస్తుంది చూడు..."

ఆ మాట పూర్తికాకముందే ఏడ్చింది, పైకప్పు ఎగిరిపోయేలా.

నీ పాఠం సంగతి. నర్సింగ్ పిల్లలు నేర్చుకునే పసిబిడ్డ బొమ్మనూ, నీ కెమెరానూ పట్టుకుని రా, వచ్చే ఆదివారం నాకు సెలవు. మాస్కు ఎలా పట్టుకోవాలో బొమ్మ మీద చేసి చూపిస్తాను, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. మనిషి పక్కన నిలబడ్డట్టు ఉండదంటావ్, ఉండదు. నీ పెద్దాయన అడిగిన దానికి నాకూ జవాబు తెలియదు. ఒకటి మాత్రం చెప్తున్నా, నా మొహం మసకచేశావంటే ఊరుకోను. వచ్చేటప్పుడు నా కవాబుల డబ్బా తీసుకురా. లాలి కొడుక్కి టీకా వేసేశాను. బీరువా మీదున్న పార్సిల్ లాలి అడిగి తీసుకుంది, చెల్లెలి బిడ్డకట.

ఇప్పుడు రాత్రంతా పడ్డ పాట్లకు మించిన తలనొప్పి ఒకటి. పేరు నమోదు చేద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే పుట్టిన సమయం అడిగింది. గడియారానికి గలేబు, ఫోన్లు టిఫిన్ డబ్బాలో, డాక్టరమ్మ అప్పటికే ఫోన్ పెట్టేసింది. నేను కొత్త సిస్టరును చూశాను, ఆమె నన్ను చూసింది. హేమ్లిని అడిగితే, "వాన ఆగినంక" అంది. లాలి కాదంది, ఇంకా తుంపర పడుతోందట. కంప్యూటరుకు ఇవేవీ చెల్లవు, ఖాళీ వదిలితే ముందుకు పోనివ్వదు. చివరికి ఏదో ఒకటి కొట్టాను. ఎవరైనా అడిగితే నీకు చెప్పినట్టే చెప్తాను. ఆ పిల్ల ఎప్పుడు పుట్టిందో ఆ గదిలో ఉన్న మాకూ తెలియదు.

అనీసా భాభీ